నాయనమ్మ చేసిన పసుపు దూడ

మొన్న తమ్ముడు ఆర్మూర్ నుంచి పసుపు పంపాడు. దుకాణంలో దొరికే డబ్బా పసుపు కాదు, కొమ్ములు దగ్గరుండి పట్టించిన పసుపు. అపార్ట్‌మెంట్ వంటింట్లో ఆ కవరు ముడి విప్పానో లేదో, మా తాత వచ్చి పక్కన కూర్చున్నట్టయింది. పిల్లలు ముక్కులు మూసుకుని "ఏందమ్మా గీ మట్టి వాసన" అన్నారు. వాళ్ల మాట అబద్ధం కాదు. మంచి పసుపులో మట్టి వాసన ఉంటుంది. ఆ పూట నేను కూరకు తాలింపు పెట్టడం మరిచిపోయి చాలాసేపు ఆ కవరు ముందే నిలబడ్డాను.

మా తాత పసుపు గోదాముల్లో హమాలీ. ఎండాకాలం వచ్చిందంటే ఊరి చుట్టూ కడాయిల్లో పసుపు ఉడికే వాసన, ఎండిన ఆకు కాలిన పొగ, డ్రముల్లో కొమ్ములు తిరిగే గడగడ. పొద్దుగూకేసరికి బస్తాలు మోసి తాత ఇంటికి వచ్చేవాడు. కనుబొమలు పసుపు, చెవుల వెంట్రుకలు పసుపు, ఉమ్మితే ఉమ్మి కూడా పసుపే. నాయనమ్మ వేడినీళ్ల బకెట్టు బయట పెడుతూ "అగో, పెండ్లికొడుకు వచ్చిండు" అని ఎక్కిరించేది. అంత వయసులోనూ తాత సిగ్గుపడేవాడు. మేం పిల్లలం పడీ పడీ నవ్వేవాళ్లం.

మా ఇల్లు పెర్కిట్ దిక్కు పోయే దారిలో ఒక సందులో ఉండేది. ఆ సందులో నాలుగైదు మా క్రైస్తవుల ఇండ్లు, మిగిలినవి హిందువులవి, మూల మీద ఒక సాయిబు దర్జీ కొట్టు. సందు చివర మా రేకుల ప్రార్థన మందిరం. తాత ఆ సంఘానికి పెద్ద. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాడు, అదీ బైబిలు చదవడానికే. చదివితే అందులోని ప్రవక్తల గ్రంథాలనే చదవాలి. ఆయన బైబిల్లో సువార్తల పేజీలు తెల్లగా, ప్రవక్తల పేజీలు అంచుల పొడవునా పసుపు వేలిముద్రలతో ఉండేవి.

తాత చదివితే చదివినట్టుండేది కాదు, ఉరిమినట్టుండేది. చేతులతో చేసిన బొమ్మలకు మొక్కే జనం మీద దేవుడు పట్టలేని కోపంతో ఉన్నాడని, మిడతలొస్తాయని, కత్తి వస్తుందని, జనం కొండలను చూసి మా మీద పడండి అని బతిమాలుకుంటారని ఆయన చదువుతుంటే నాకు వణుకు పుట్టేది. మా ఊరి గుట్ట తెలుసు కదా, నల్లటి బండలన్నీ ఎవరో తెచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చి మరిచిపోయినట్టుంటాయి. దేవునికి కోపం వస్తే ముందు అవే దొర్లుతాయని నా నమ్మకం. ఆదివారం పూట మందిరం కిటికీలోంచి ఏ బండ కదిలిందా అని చూస్తూ కూర్చునేదాన్ని. వాక్యం వింటున్నానని అందరూ మెచ్చుకునేవారు.

నాయనమ్మకు చదువు రాదు. తాత ఉరుముతుంటే కొంగు నెత్తి మీదికి లాక్కుని ఊరికే వినేది. ఇంటికొచ్చాక జొన్నరొట్టె చరుస్తూ, "దేవునికి గంత కోపమేందయ్యా? ఆయనకు ఇంట్ల ఎవ్వలు లేరా సముదాయించనీకె?" అని అడిగేది. "నీకు తెల్వదు, నువ్వు రొట్టె చెయ్యి" అనేవాడు తాత. ఆ రొట్టెలోకి మామిడికాయ తొక్కు, పచ్చిపులుసు. ఇప్పుడు తలుచుకుంటే నాలుక కింద నీళ్లూరుతున్నాయి.

ఆ ఎండాకాలం సెలవుల్లో మందిరంలో పిల్లలకు వేసవి బైబిలు బడి పెట్టారు. పొద్దున పాటలు, మధ్యాహ్నం బొమ్మల కథలు, చివర గ్లూకోజ్ బిస్కెట్లు. మాలో సగం మంది బిస్కెట్ల కోసమే పోయేవాళ్లం. కొత్తగా వచ్చిన పాస్టరయ్య పడుచువాడు. నడుముకు సెల్‌ఫోను తగిలించుకునేవాడు, అది ప్రార్థన మధ్యలో మోగేది. ఆయనకు నాటకమంటే పిచ్చి. ముగింపు రోజు సందు సందంతా చూసేలా హోషేయ ప్రవక్త నాటకం వేద్దామన్నాడు. ఇశ్రాయేలు జనం దేవుణ్ని మరిచి బంగారు దూడను చేసుకుని ముద్దులు పెట్టుకోవడం, ప్రవక్త వచ్చి తీర్పు చెప్పడం, చివర్లో కర్రతో ఆ దూడను ముక్కలు చేయడం. ప్రవక్త ఎవరని అడగక్కరలేదు, అది మా తాతే.

తాత మాత్రం చిన్న అభ్యంతరం చెప్పాడు. "అయ్యగారూ, దూడ ముక్కలైతదని ప్రవక్త జెప్పిండు గని, ఆయనే కొట్టిండని రాయలే." పాస్టరయ్య నవ్వి, "నాటకమన్నాక చివర ఏదో ఒకటి పగలాలి తాతగారూ, లేకపోతే జనం లేవరు" అన్నాడు.

దూడను మొదట అట్టపెట్టెతో మేమే చేశాం. మా పెదనాన్న కొడుకు, మా అందరికీ పెద్దన్న, దానికి తోక కూడా అతికించాడు. నాయనమ్మ వచ్చి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇది దూడనా? కుక్క తీర్గ గొడ్తున్నది. దీనికి మొక్కినోళ్లను దేవుడు శిక్షించుడేంది, చూసి నవ్వుతడు."

మరునాడు పొద్దున్నే ఆమె చెరువు కాడి నుంచి తట్టనిండా ఒండ్రుమట్టి తెచ్చుకుంది. ఊక, చిరిగిన బస్తాల నార కలిపి కాళ్లతో తొక్కింది. మేం చుట్టూ చేరాం. అప్పుడు తెలిసింది మాకు, పుట్టింటి ఊళ్లో, మెండోర దిక్కున, పొలాల అమాసకు మట్టి ఎడ్లు చేయడంలో మా నాయనమ్మ పెట్టింది పేరని. ఆ పండుగ నాడు నిజం ఎడ్లను కడిగి కొమ్ములకు రంగులేసి మొక్కుతారు, పిల్లలేమో మట్టి ఎడ్లకు మొక్కుతారు. సగం ఊరి పిల్లలు ఆమె ముందు వరసకట్టేవారట. బాప్తిస్మం తీసుకున్నాక మళ్లీ మట్టి ముట్టలేదు. ఎవరూ వద్దనలేదు, తనే మానేసింది.

అన్నేళ్లు మానేసిన చేతులు ఏమీ మరిచిపోలేదు. గడ్డితాడు చుట్టిన పుల్లల మీద మట్టి మెత్తుతూ పోతుంటే, ముందు నడుం వచ్చింది, తర్వాత మెడ వచ్చింది. మెడ కింద గంగడోలు జారింది. పని చేస్తున్నంతసేపు నాయనమ్మ ఏదో కూనిరాగం తీసింది. అది కీర్తన మాత్రం కాదు. తాత గోదాముకు పోవడం ఆలస్యం చేసి మరీ తలుపు పక్కన నిలబడి చూశాడు.

"దూడ గదా, మూపురమెందుకు పెద్దమ్మగారూ?" అని అడిగాడు పాస్టరయ్య.

"ఇయ్యాల దూడ, రేపు ఎద్దయితది గదయ్యా."

బంగారు రంగు ఎక్కడా దొరకలేదు. గేట్లకు వేసే వెండిరంగు తప్ప దుకాణాల్లో ఇంకేమీ లేదు. అప్పుడు తాతే గోదాములో నేల మీద రాలిన పసుపు ఊడ్చి తువాలులో కట్టుకొచ్చాడు. నాయనమ్మ దాన్ని గంజిలో కలిపి పూసి, పైన నూనెచేయి రాసింది. దూడ ధగధగా మెరిసింది. ఎండకు పెడితే పగుళ్లిస్తుందని అరుగు నీడన ఉంచింది. నాటకం గుడ్డలు కుట్టే సాయిబు దర్జీ కొట్టు వదిలి వచ్చి చూసి, "గీ దూడ ముచ్చట మా కితాబుల గూడ ఉన్నది చిచ్చా. జర మంచిగ పలగ్గొట్టు" అని తాత భుజం తట్టి పోయాడు.

తిప్పలు అక్కడే మొదలయ్యాయి. ఎదురింటవ్వ పసుపు ఏరే పనికి పోయి వస్తూ దూడను చూసింది. ఆమె నాయనమ్మకు అక్క వరస, ఇద్దరిదీ ఒకటే తొక్కు జాడీ. ఆమె లోపలికి పోయి కుంకుమ భరిణె తెచ్చి, దూడ నొసట ఇంత బొట్టు పెట్టింది. నాయనమ్మ పరుగున వచ్చింది.

"అయ్యో అక్కా, గదేం పనే!"

"మరేం జెయ్యాలె చెల్లె? ఒళ్లంత పసుపు రాసి నొసలు బోడిగ ఇడిశిపెడ్తరా ఎవలన్న? అరిష్టం గాదు?"

ఆమె దృష్టిలో ఆమె చేసింది సాయం. తలకు నూనె రాసి దువ్వడం మరిచిన పిల్లను దగ్గరికి లాగి దువ్వినట్టు. మరునాటికి ఇంకో ఆమె వచ్చి అగరుబత్తి ముట్టించింది. పనికి పోయే ఆడవాళ్లు ఆగి దండం పెట్టుకోసాగారు. ఒక ముసలామె తన బర్రె చేపుకు వచ్చి పాలివ్వడం లేదని కొబ్బరికాయ కొట్టి పోయింది. ఆ కొబ్బరిచిప్పల మీద మా పిల్లల్లో పెద్ద చర్చ జరిగింది. విగ్రహానికి పెట్టింది తినకూడదని బైబిలు బడిలో అప్పుడే చెప్పారు. "ఎద్దు మనది, కొబ్బరి గూడ మనదే" అని పెద్దన్న తీర్పు చెప్పేశాడు. అంత తియ్యటి కొబ్బరి మళ్లీ తినలేదు.

పాస్టరయ్య మోపెడు మీద వచ్చేసరికి దూడ ముందు ఇద్దరు ఆడవాళ్లు చేతులు జోడించి ఉన్నారు. ఆయన ముఖం తెల్లబోయింది. ఆడవాళ్లు పోయేదాకా ఆగి, నెమ్మదిగానే మాట్లాడాడు. సంఘంలో అప్పటికే గుసగుసలు మొదలయ్యాయట. సంఘపెద్ద ఇంటి అరుగు మీదే పూజలు జరుగుతున్నాయని, ముసలామెకు పాత దేవుళ్ల మీద మనసు పోలేదని.

"మీ మనసు నాకు తెలుసు పెద్దమ్మగారూ. కానీ సంఘం చూస్తోంది. నాటకంలో అది పగిలిపోయే దాకా మీరు బల్లకు రాకండి. తాతగారూ, మీ చేత్తోనే పగలాలి. లేకపోతే రేపు మిమ్మల్ని సంఘపెద్దగా ఉంచడం నా చేతుల్లో ఉండదు."

బల్ల అంటే ప్రభువు బల్ల, సంఘమంతా కలిసి పంచుకునే రొట్టె, ద్రాక్షరసం. మా వాళ్లకు దానికి దూరం కావడమంటే ఇంట్లో పొయ్యి ఆరినట్టే. నాయనమ్మ "సరే అయ్యగారూ" అంది.

ఆ ఆదివారం నాకు కళ్లకు కట్టినట్టుంది. రసం గిన్నెల పళ్లెం పట్టుకుని వరసలో నడిచేది సంఘపెద్దే, అంటే తాతే. ఆడవాళ్ల వరసలో ఒక్కొక్కరి ముందు పళ్లెం వంచుతూ వచ్చాడు. నాయనమ్మ ముందుకు రాగానే ఆగకుండా దాటిపోయాడు. ఆమె రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని నేలకేసి చూస్తూ కూర్చుంది. నేను పక్కనే ఉన్నాను. తాత దాటిపోతుంటే పళ్లెంలో గిన్నెలు గలగలమన్నాయి. ఆ ఇద్దరినీ చూసి నాకు ఏడుపొచ్చింది, దేవుని మీద కోపమొచ్చింది. గుట్ట దిక్కు చూడటానికి కూడా భయం వేయలేదు.

నాటకం శనివారం పొద్దుగూకే వేళ. మందిరం ముందు తడికెలతో వేదిక, దానికి దర్జీ కుట్టిన తెర, మైకు సెట్టు. సందు మొత్తం తరలివచ్చింది. ఎదురింటవ్వ అందరికంటే ముందు కూర్చుంది, చేతిలో కొబ్బరికాయ కూడా ఉంది. ఆమెకు నాటకం సంగతి చెప్పాలని ఎవరికీ తట్టలేదు, లేదా ఎవరికీ నోరు రాలేదు. దూడ వేదిక మీద పెట్రోమాక్స్ వెలుతురులో మెరుస్తోంది, నొసట బొట్టు అలాగే ఉంది.

తాత గొంగడి కప్పుకుని వచ్చాడు. మొదట్లో అంతా బాగుంది. ఆయన ఉరుముతుంటే వెనక బర్రెలు కూడా తలలెత్తాయి. జనం దూడకు మొక్కే ఘట్టంలో మేం పిల్లలం చక్కగా మొక్కాం. ఎదురింటవ్వ కూడా కింది నుంచి మొక్కింది. అప్పుడు తాత కర్ర ఎత్తాడు.

ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఉంది. ఎదురింటవ్వ లేచి నిలబడింది.

"ఓ మరిదీ! ఏం జేస్తున్నవ్? నీకు చేతులెట్లొస్తున్నయ్?"

తాత ఆమెను చూడలేదు. దూడ మూపురాన్ని చూస్తున్నాడు. ఆ మూపురం తిప్పేటప్పుడు నాయనమ్మ కూనిరాగం తీయడం ఆయన తలుపు పక్క నుంచి విన్నాడు కదా. తెర వెనక నుంచి పాస్టరయ్య "కొట్టండి తాతగారూ, కొట్టండి" అని గుసగుసగా అంటున్నాడు. అది మైకులో అందరికీ వినిపించింది. కర్ర మెల్లగా కిందికి దిగింది. సంఘం వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పక్కన మా పెదనాన్న తల వంచుకున్నాడు. రేపటి నుంచి తాత పెద్ద కాదని, నాయనమ్మకు బల్ల లేదని అక్కడున్న పిల్లలకు కూడా అర్థమైంది.

అప్పుడు నాయనమ్మ లేచింది. చీర కుచ్చిళ్లు ఎగదోపి తడికెల వేదిక ఎక్కింది. నేరుగా దూడ దగ్గరికి పోయి, కొంగు కొసతో దాని నొసటి బొట్టును మెల్లగా తుడిచింది, పసిపిల్ల ముఖం తుడిచినట్టు. తుడిచి ఎదురింటవ్వ దిక్కు తిరిగింది.

"అక్కా, నీ బొట్టు నేను తీసిన. నీ మొక్కు నీ తానకే వాపస్ వచ్చింది, నీ దేవునికి నేనేం జేస్తలే. ఇగ మిగిలింది నా మన్ను."

ఎదురింటవ్వ కొబ్బరికాయ ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది.

నాయనమ్మ తాత చేతిలోంచి కర్ర తీసుకుని కొట్టింది. దూడ పగల్లేదు. నార కలిపిన మట్టి కదా, ఠంగుమంది. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె కూడా ఒక్క క్షణం నవ్వబోయింది. రెండోసారి కళ్లు మూసుకుని కొట్టింది. మెడ విరిగింది, నడుం రెండు ముక్కలైంది. పసుపు దుమ్ము పైకి లేచి ఇద్దరి ముఖాల మీద పడింది. నాటకం భలే రక్తి కట్టిందని జనం చప్పట్లు కొట్టారు.

మరునాడు ఆదివారం తాత పళ్లెం పట్టుకుని నాయనమ్మ ముందు ఆగాడు. ఆమె గిన్నె తీసుకుంది. సంఘం ఊపిరి పీల్చుకుంది. నేనైతే తాత ముఖమే చూస్తున్నాను. ఆయన కళ్లెత్తలేదు.

మధ్యాహ్నం నాయనమ్మ దూడ ముక్కలన్నీ బకెట్లో నానబెట్టి, వాటితో పెరట్లో పొయ్యి వేస్తోంది. పసుపు కలిసి ఆ బురద లేత రంగు తిరిగింది. నేను ఊక అందిస్తున్నాను. తాత వచ్చి ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు.

"నాకు చెయ్యి రాలేదే" అన్నాడు.

"ఎరుకే."

"మూపురం మస్తు గుదిరిందే దానికి."

"ఎరుకే అంటున్న గద."

"మరి నీకు చెయ్యెట్లొచ్చింది?"

నాయనమ్మ బురద చేతులతో అలాగే ఆగింది. ఆమె కళ్లలో నీళ్లు నేను చూశాను. ముక్కు భుజానికి తుడుచుకుని అంది:

"నేను జేసిన గదా. ఇంకోలు కొడితె సూడలేకపోదును. ఇన్నేండ్ల సంది నువ్వు సదువుతుంటె దేవునికి గంత కోపమేందో అనుకుంటుంటి. గది కోపం గాదయ్యా. జేసినోడే కొట్టవల్సొస్తె గొంతు గట్లనే వస్తది."

తాత లేచి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. బకెట్లో చేయి పెట్టి ఇంత మట్టి తీసి పొయ్యి గోడకు మెత్తాడు. వంకరగా మెత్తాడని నాయనమ్మ ఆయన చేతి మీద ఒక్కటిచ్చింది. ఎదురింటవ్వ వారం రోజులు మొఖం ముడుచుకుని, తర్వాత తొక్కు కోసం రాక తప్పక వచ్చింది.

నాయనమ్మ మళ్లీ ఎద్దును చేయలేదు. తాత మాత్రం ఆ తర్వాత కూడా ప్రవక్తలనే చదివాడు, అవే పేజీలు, అవే తీర్పులు. కానీ ఉరమడం పోయింది. శిక్ష దగ్గరికి వచ్చేసరికి గొంతు బరువెక్కి మధ్యలో ఆగిపోయేవాడు. మళ్లీ అందుకునేవాడు. ముసలితనమని కొందరు, పసుపు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందని కొందరు అనుకున్నారు. ఆడవాళ్ల వరసలోంచి నాయనమ్మ తలెత్తి ఆయన్నే చూస్తుండేది, మళ్లీ అందుకునేదాకా చూపు తిప్పేది కాదు.

ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ సందులో సగం పోయింది, మిగిలిన సగంలో దుకాణాలొచ్చాయి. రేకుల మందిరం ఉన్నచోట ఏముందో కూడా పోయినసారి నాకు గుర్తుపట్టరాలేదు. ఇక్కడ సిటీలో మేం పోయే చర్చి చాలా పెద్దది. మైకులు మంచివి, ప్రవక్తల మాటలు గోడకు పెద్ద అక్షరాలతో పడతాయి. అయ్యగారు ఒక్క తడబాటు లేకుండా గడగడా చదువుతారు. నేను ప్రతిసారీ తీర్పు మాటల దగ్గర తలెత్తి, ఆ గొంతు ఒక్కచోటైనా ఆగుతుందేమోనని చూస్తాను. ఆగదు. పిల్లలు ఇటు చూసి, ఎందుకమ్మా ఏడుస్తున్నావని అడుగుతారు.